డబుల్స్ డబ్బా

నోటీసు బోర్డు మీద అంటించిన కాగితం చదివేసరికి కార్డులమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

'ప్రధాన సంపాదకుని పదవికి సిబ్బంది నుంచి వచ్చిన ప్రతిపాదనలు: రెండు. ఇద్దరూ సమానం. కనుక నియమావళి ప్రకారం డైరెక్టరు గారు తమ నిర్ణయాధికారాన్ని వినియోగించి...' ఆ తర్వాత చదవక్కర్లేదు. అక్కడ ఎవరి పేరుంటుందో గోడ మీద బల్లిక్కూడా తెలుసు. డైరెక్టరు గారి అల్లుడు.

సమానమైన ఆ రెండో మనిషి పేరు కూడా కాగితం మీద ఉంది. దాన్ని చదివి, ఇదెవరబ్బా అని ఒక క్షణం ఆలోచించి, తనేనని గుర్తుపట్టింది. ఆమెను ఆ పేరుతో పిలిచినవాళ్ళు ఈ ఆఫీసులో ఎవరూ లేరు. అందరికీ కార్డులమ్మే. జీతం రోజున సంతకం పెట్టేటప్పుడు తప్ప అసలు పేరు తనకే గుర్తుండదు.

ఆ ఆఫీసులో జరిగే పని ఒక్కటే. ఇంగ్లీషు మాటలకు మన భాషలో అర్థాలు చెప్పే పెద్ద నిఘంటువు తయారు చెయ్యడం. మేడ మీద పొడుగాటి గది, గోడ పొడుగునా చెక్క సొరుగులు, సొరుగుల నిండా అట్ట కార్డులు. కార్డు మీద పైన మాట, కింద అర్థం, ఆ మాటను ఎవరు ఎక్కడ వాడారో చూపే వాక్యం, కుడిచేతి మూల రాసినవాళ్ళ పొడి అక్షరాలు. మూడు నెలలకని వచ్చిన కార్డులమ్మ ఇరవై ఆరేళ్ళుగా ఆ సొరుగుల మధ్యే తిరుగుతోంది. 'ఎ' దగ్గర మొదలుపెట్టి ఇప్పటికి 'ఎన్' దాకా వచ్చింది. ఏ కార్డు ఎక్కడుందో చీకట్లో చేయి పెట్టి తీయగలదు. ప్రధాన సంపాదకులు ముగ్గురు వచ్చారు, వెళ్ళారు. ముగ్గురూ ఆమె రాసినదాని కింద సంతకాలు పెట్టారు. మొదటి సంపుటం అచ్చయినప్పుడు ముందుమాటలో కాగితం అమ్మిన వ్యాపారిక్కూడా పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పారు. ఆమె పేరు లేదు.

ఆఖరి సంపాదకుడు మోకాళ్ళ నొప్పులతో సెలవు తీసుకున్నాక, పాలకమండలి అధ్యక్షుడు ఈసారి సిబ్బందే పేరు సూచించాలన్నాడు. ఆ ఆఫీసులో ఏది రాయాల్సి వచ్చినా కార్డు మీదే రాస్తారు. చాకలి పద్దు కూడా కార్డు మీదే. కాబట్టి ఇదీ కొత్త కార్డు మీదే అన్నారు. పైన జీతాల పుస్తకంలో ఉన్న పూర్తి పేరు, కింద కారణం, మూల పొడి అక్షరాలు రాసి పెట్టెలో వెయ్యాలి. తన పేరు తను రాసుకోకూడదు. చేరి ఆర్నెల్లు నిండనివాళ్ళు కార్డు వెయ్యకూడదు. అల్లుడు చేరి అయిదు నెలలు. ఒక పేరు రాయడానికి పనికిరాడు గాని మొత్తం నిఘంటువును నడపడానికి పనికొస్తాడు!

కార్డులు వెయ్యాల్సిన రోజు పొద్దున డైరెక్టరు ఆమెను గదిలోకి పిలిచాడు.

"చూడమ్మా, కుర్రాడు కొత్త. వాడికి ఒక్క కార్డయినా పడకపోతే ఇంట్లో మా అమ్మాయి ముందు నేను తల ఎక్కడ పెట్టుకోను? ఊరికే, మాట వరసకి. నువ్వు పెద్దదానివి. నువ్వు రాస్తే గౌరవంగా ఉంటుంది."

మొహమాటం ఎంత పాడుదో చూడండి. ఆమె రాసింది. కారణం అన్నచోట ఏం రాయాలో తోచక 'చురుకైనవాడు' అని రాసింది. ఆ కుర్రాడు చురుగ్గా చేసిన పని ఆమె చూడలేదు. పొద్దున పదకొండింటికొచ్చి, మడత నలగని చొక్కాతో అటూ ఇటూ తిరిగి, 'ఈ కార్డులన్నీ ఇంకా ఎందుకండీ' అని అందరినీ అడగడం మాత్రం చూసింది. ఇరవై ఆరేళ్ళలో ఆధారం లేకుండా ఆమె రాసిన కార్డు అదొక్కటే.

నోటీసు దగ్గరనుంచి తిరిగొచ్చి తన బల్ల ముందు కూర్చుందో లేదో, ప్రూఫులు దిద్దే తాత కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుంటూ వచ్చాడు.

"ఇదేం లెక్క కార్డులమ్మా? నేను నీ పేరే రాశాను కదా!"

"నేనూ నీ పేరే రాశానక్కా," అంది టైపు చేసే అమ్మాయి. "మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు నా పనంతా నువ్వే చేశావని కూడా రాశాను."

"మరి నేను?" అన్నాడు బైండింగతను, జిగురు చేతులతోనే.

కార్డులమ్మ ఒక్కొక్కరినీ అడిగింది. అడగడానికి సిగ్గేసింది, అయినా అడిగింది. మధ్యాహ్నానికి లెక్క తేలింది. సొరుగులు తుడిచే ఆమెతో కలిపి పదహారు మంది ఆమె పేరే రాశారు. కార్డు వేసినవాళ్ళే పదిహేడు మంది. ఆ పదిహేడో మనిషి తను. అంటే అల్లుడికి పడ్డ ఒకే ఒక్క కార్డు తన చేతి రాతే!

పదహారూ ఒకటీ సమానమా? సరాసరి డైరెక్టరు గదిలోకి వెళ్ళింది.

ఆయన చల్లగా విన్నాడు. ఆయన బల్ల మీద ఆమె మొన్న ఇచ్చిన కార్డే ఉంది. నామినేట్ అన్న మాటకు రాసింది. ఏ మాట వరస వస్తే ఆ మాట రాసుకుంటూ పోతోంది. ఈ వారం దాని వంతు రావడం ఆమె చేతిలో లేదు.

"పెట్టెను మన పద్ధతి ప్రకారమే వేరు చేయించాను," అన్నాడు డైరెక్టరు. "రెండు పేర్లు తేలాయి. అయినా నువ్వు మాట్లాడతావేంటమ్మా? వాడి పేరు రాసింది నువ్వే కదా. నీ చేతిరాతే, ఫైల్లో ఉంది. ఇప్పుడు గొడవ చేస్తే నలుగురూ నవ్వుతారు."

కార్డులమ్మ చూపు ఫైలు మీదికి పోయింది.

"అది సరే గాని," అంటూ ఆయన నామినేట్ కార్డు ముందుకు జరిపాడు. "ఇక్కడ నియమించడం అన్న అర్థం కిందెక్కడో వేశావు. పైకి తీసుకురా. మొదటి అర్థం అదే ఉండాలి."

"లాటిన్‌లో నోమెన్ అంటే పేరండీ. మన నామానికి దూరపు చుట్టం. దాన్నుంచే నోమినారె, పేరు పెట్టి పిలవడం. ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు కూడా ముందు ఆ అర్థంలోనే వాడారు. నియమించడం అన్న వాడుకా ఉంది, అబద్ధం చెప్పను, నాలుగు వాక్యాలు దొరికాయి. ఫలానా మనిషి ఈ పదవికి తగునని పేరు చెప్పడం అన్నదానికి ఇరవై దాకా దొరికాయి. ఎక్కువ మంది వాడింది పైన ఉంటుంది. అది కూడా మన పద్ధతే."

"ఎవరు ఎలా వాడితే మనకెందుకు? వెళ్ళి మార్చు."

కార్డు తీసుకుని బయటికొచ్చింది. తనే రాసిన ముక్క తన నోరు నొక్కేసిందని ఆమె ఉడికిపోయింది. ఆయన మీద ఎంత కోపమో తన మీద అంతకు రెండింతలు.

ఇంట్లో ఆ సాయంత్రం ఆమె మాట్లాడలేదు. అంట్లు మాట్లాడాయి. భర్త దర్జీ. వీధి గదిలో కుట్టుమిషను ఆపి వచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"గిన్నెలేం చేశాయే పాపం? అసలు సంగతి చెప్పు."

చెప్పింది. అయిదో తరగతి చదివే కూతురు బీరువాలోంచి మొదటి సంపుటం మోసుకొచ్చి ముందుమాట పేజీ తీసింది.

"ఇందులో నీ పేరు ఎక్కడుందమ్మా? స్కూల్లో చూపిస్తానన్నాను."

తండ్రి వంగి, కృతజ్ఞతల జాబితా ఆఖరున వేలు పెట్టాడు. "ఇదిగో, 'తదితరులు' అని ఉంది చూడు. ఇందులో ఉంది మీ అమ్మ."

నవ్విద్దామనే అన్నాడు. ఎవరూ నవ్వలేదు. కూతురు ఆ మాటను వేలితో రెండుసార్లు తడిమి, పుస్తకం మూసేసింది. కార్డులమ్మకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ లేని ఏడుపు. పదవీ వద్దు, పెద్ద కుర్చీ వద్దు, ఆ పుస్తకం మొదటి పేజీలో ఒక్క పేరు, అంతే కదా తను ఎప్పుడైనా కోరుకున్నది! పదహారు మంది ఇచ్చారు కూడా. ఇచ్చినదాన్ని మధ్యలో ఎవరు మింగేశారు?

"పెట్టె వేరు చేసిందెవరు?" అన్నాడు భర్త.

ఆ ప్రశ్న తనకెందుకు తట్టలేదో ఆమెకు అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున్నే బాబాయి గదికి వెళ్ళింది. చుట్టరికం ఏమీ లేదు, ఆఫీసంతటికీ ఆయన బాబాయే. ముప్పై ఏళ్ళుగా ఆయన పని ఒక్కటే. బయటినుంచి పుస్తకాలు చదివి మాటలు ఏరి పంపేవాళ్ళ కట్టలు విప్పి, మాటల పట్టిక కోసం ఒక మాటకు ఒక కార్డు ఉంచి, అదే మాట మళ్ళీ మళ్ళీ వచ్చిన కార్డుల్ని తీసి పక్కనున్న రేకు డబ్బాలో వెయ్యడం. దాన్ని డబుల్స్ డబ్బా అంటారు. అందులోని కార్డుల వెనకవైపు తెల్లగా ఉంటుంది కాబట్టి ఎవరికి ఏం రాసుకోవాలన్నా అందులోంచే తీసుకుంటారు. బాబాయి చేతులు ఈ పని ఎంత అలవాటుగా చేస్తాయంటే, కబుర్లు చెబుతూనే వంద కార్డులు వేరు చేసేస్తాడు.

"బాబాయ్, మొన్నటి పేర్ల పెట్టె నీకే ఇచ్చారా?"

"నాకే ఇచ్చారు తల్లీ. 'మామూలుగా ఎలా వేరు చేస్తావో అలాగే చెయ్యి' అన్నారు. చేసేశాను. రెండే రెండు తేలాయి, పది నిమిషాల పని." ఆయన ముఖంలో పని సరిగ్గా చేసినవాడి తృప్తి ఉంది.

"మామూలుగానే అంటే?"

"పైనున్న మాట చూసుకుని, ఒకటి ఉంచి, డబుల్స్ తీసి..."

అక్కడ ఆగిపోయాడు బాబాయి. చేతిలో కట్ట జారి బల్ల మీద పడింది.

"అయ్యో తల్లీ! నేను వేసిన కార్డు కూడా నేనే డబ్బాలో పడేసుకున్నానే!"

కార్డులమ్మకు ఒక్కసారిగా నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. ఈ భూమ్మీద ఇంకే ఆఫీసులోనూ ఇలాంటి పొరపాటు జరగదు. బాబాయిని ఏమనగలదు? ముప్పై ఏళ్ళుగా ఆ చేతులు నేర్చింది అదే. ఆయన చేతిది అలవాటు. కాని డైరెక్టరుది? రెండు కార్డులు ముందు పెట్టగానే మిగతావి ఏవని అడగని మనిషిది? ఆయనకు లెక్క రాకనా?

"ఒకే మాటని పదిమంది విడివిడిగా అంటే అవి డబుల్స్ కావు బాబాయ్," అంది. "పది సాక్ష్యాలు."

"నా బుర్ర తగలెయ్య. పద, డబ్బా వెతుకుదాం."

రేకు డబ్బా బోర్లించారు. ఒక్కటీ లేదు. బాబాయి నుదురు కొట్టుకున్నాడు. రేపు అల్లుడి సన్మాన సభలో ప్రతి కుర్చీ ముందూ పేరు రాసిన కార్డు ఉండాలన్నారట డైరెక్టరు గారు, పెద్ద పెద్ద సమావేశాల్లో ఉన్నట్టు. ఇరవై కావాలంటే, డబ్బాలో పైనున్నవి పైనుంచే తీసి, మధ్యకు మడిచి, తెల్లగా ఉన్న వైపు పేర్లు రాసి నిలబెట్టడానికి సిద్ధం చేశాడు. అట్టపెట్టెలో వరసగా ఉన్నాయి. కార్డులమ్మ ఒకటి తీసి మడత విప్పింది. లోపల ప్రూఫు తాత గుండ్రటి రాతలో తన అసలు పేరు. కింద కారణం: 'ఏ మాట అడిగినా పుస్తకం తెరవకుండా అర్థం చెబుతుంది. చెప్పాక పుస్తకం తెరిచి సరిచూసుకుంటుంది.'

ఇంకోటి విప్పింది. సొరుగులు తుడిచే ఆమెది. వంకర టింకర అక్షరాల్లో 'ఇంకెవరున్నారు' అని మాత్రం ఉంది.

కళ్ళు తుడుచుకుని లెక్కపెట్టింది. పదిహేను. మిగతా అయిదూ పాత మాటల డబుల్స్. పదహారోది ఫైల్లో ఉండాలి.

"ఇప్పుడే కొత్తవి రాసి ఇవి నీకిచ్చేస్తానమ్మా. పట్టుకెళ్ళి ఆయన మొహాన కొట్టు."

"ఆయన గదిలో ఆయన మొహాన కొడితే చింపి బుట్టలో వేస్తాడు బాబాయ్. వద్దు. వీటినే పెట్టు."

బాబాయి ఆమె ముఖంలోకి చూసి, అట్టపెట్టె మూత పెట్టాడు.

సభ మర్నాడు మధ్యాహ్నం మూడింటికి. సొరుగుల గదిలోనే బల్లలు కలిపి వేశారు. పైన ముగ్గురికి కుర్చీలు: మధ్యలో పాలకమండలి అధ్యక్షుడు, అటు డైరెక్టరు, ఇటు కొత్త ప్రధాన సంపాదకుడు. అల్లుడు తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు వేసుకొచ్చాడు. క్యాండిడేట్ అన్న మాటకు అసలు అర్థం తెల్లబట్టల వాడని, పూర్వం రోములో పదవులు అడిగేవాళ్ళు బట్టలకు సుద్ద పూసుకుని తిరిగేవారని 'సి' రాసేటప్పుడు కార్డులమ్మే రాసింది. ఆ సుద్ద గుర్తొచ్చి పెదవి బిగబట్టుకుంది.

డైరెక్టరు అరగంట మాట్లాడాడు. ప్రజాస్వామ్యం అన్నాడు, యువరక్తం అన్నాడు. "మన సిబ్బందిలో అందరికన్నా సీనియరే స్వయంగా ఈ కుర్రవాణ్ణి ప్రతిపాదించారంటే ఇంకేం కావాలి!" అని ఆమె వైపు చెయ్యి చూపించాడు. చప్పట్లు లేవు. ఆయనే కొట్టుకున్నాడు. కార్డులమ్మ చెవులు ఎర్రబడ్డాయి. ఇప్పుడే లేచి అరవాలనిపించింది. బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

తర్వాత వంతు అధ్యక్షుడిది. పెద్దాయన, మతిమరుపు మనిషి. ఏం మాట్లాడాలో నాలుగు ముక్కలు రాసుకుందామని కలం తీసి, కాగితం కోసం చూసి, ముందున్న పేరు కార్డునే అందుకున్నాడు. మడత విప్పాడు. కళ్ళజోడు సరిచేసుకున్నాడు.

"ఇదేంటి? ఇందులో ఏదో రాసుందే." మైకులోనే చదివాడు. ముందు పేరు. ఇంటిపేరుతో సహా, బడి రిజిస్టరులో ఉన్నట్టు పూర్తి పేరు. "ప్రధాన సంపాదక పదవికి నేను ఈమె పేరు ప్రతిపాదిస్తున్నాను... మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు... ఎవరీమె?"

"నాదేనండీ అది!" అంది టైపు అమ్మాయి, ఆపుకోలేక. అంటూనే తన ముందున్న కార్డు విప్పింది. పక్కన ప్రూఫు తాత తనది విప్పాడు. బైండింగతను విప్పాడు. గదంతా అట్టల చప్పుడు. డైరెక్టరు కూడా ఆత్రంగా తనది విప్పి చూసుకున్నాడు. అందులో 'నాప్‌కిన్: చేతిగుడ్డ' అని ఉంది.

"ఎవరీమె అంటున్నాను," అన్నాడు అధ్యక్షుడు మళ్ళీ.

కార్డులమ్మ లేచింది.

"నేనండీ."

"చెప్పానుగా సార్, ఈవిడే మావాణ్ణి ప్రతిపాదించింది," అన్నాడు డైరెక్టరు గబగబా. "ఆ కార్డు ఫైల్లో ఉంది, చూపిస్తాను..."

"చూపించండి. అది నేనే రాశాను," అంది కార్డులమ్మ. "వీరు పిలిచి రాయమన్నారు, నేను సిగ్గు లేకుండా రాశాను. 'చురుకైనవాడు' అని రాశాను, దానికి నా దగ్గర ఆధారం లేదు. ఆ తప్పు నాది, ఒప్పుకుంటున్నాను. కాని అది ఒకటి. ఇవెన్నో వీళ్ళనే చదవమనండి. ఇరవై ఆరేళ్ళు నా రాత కింద వేరేవాళ్ళు సంతకాలు పెడితే ఊరుకున్నాను. వీళ్ళు రాసిన రాతను చెత్త డబ్బాలో వేసి సమానం అంటే మాత్రం ఊరుకోను!"

అధ్యక్షుడు మైకు సిబ్బంది వైపు తిప్పాడు. "చదవండి," అన్నాడు. "ఒక్కొక్కరే."

చదివారు. ఎవరి ముందు ఎవరి కార్డుందో, ఎవరి రాత ఎవరు చదువుతున్నారో, అన్నిటా పైనున్న పేరు మాత్రం ఒకటే. బల్ల చివర బాబాయి నిలబడి వేళ్ళు మడుస్తున్నాడు. సొరుగులు తుడిచే ఆమె అందరి ముందూ చదవడానికి సిగ్గుపడితే, పేరు చూడకుండానే చెప్పమన్నారు. చెప్పింది. పద్నాలుగోది కొత్త ప్రధాన సంపాదకుడి ముందుంది. తెల్ల చొక్కా మీద చెమట మరకలు పడ్డాయి. మామగారి వైపు చూశాడు, మామగారు కిటికీ వైపు చూస్తున్నాడు. "ఇంకెవరున్నారు," అని చదివి ఆగి, పైనున్న పేరు కూడా చదివాడు. పదిహేనోది కార్డులమ్మ ముందే ఉంది. ఆమె దాన్ని విప్పలేదు. పక్కనున్న తాతే తీసి చదివాడు.

"పదిహేనే ఉన్నాయిగా," అన్నాడు డైరెక్టరు. పదహారు పడ్డాయని తనకు ముందే తెలుసని ఒప్పుకున్నట్టయిందని అన్నాకగాని ఆయనకు తెలిసిరాలేదు.

"ఫైలు తియ్యండి," అన్నాడు అధ్యక్షుడు.

ఫైల్లో రెండు కార్డులున్నాయి. కార్డులమ్మ చేతిరాతది అధ్యక్షుడు పక్కన పెట్టేశాడు. రెండోదాన్ని డైరెక్టరు చేతికే ఇచ్చాడు. అయిదేళ్ళుగా ఆమెను 'ఏమ్మా' అని పిలిచిన మనిషి, ఆ పేరును కూడబలుక్కున్నట్టుగా, ఇంటిపేరు దగ్గర తడబడి, మళ్ళీ మొదటినుంచి పూర్తిగా చదివాడు.

అందరూ బల్ల చివరికి చూశారు. బాబాయి ఆఖరి వేలు మడిచి, గొంతు సవరించుకున్నాడు.

"పదహారండీ," అన్నాడు. "ఈసారి డబుల్స్ తియ్యలేదు."